నాన్న దాచిన నాణేల డబ్బా తీసుకుని దుకాణానికి వెళ్లొచ్చా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది ఖమ్మం. మా నాన్నగారు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన బీరువాలో ఒక పాత బిస్కెట్ల డబ్బా దొరికింది. నిండా నాణేలే, మూడు వందల పైన ఉంటాయి. కొన్నింటిని పాత బస్సు టికెట్లలో చుట్టి పెట్టారు. చార్మినార్ బొమ్మ ఉన్న వెండివి తొమ్మిది, రాజు తల ఉన్నవి పద్నాలుగు, పులి బొమ్మ రూపాయలు రెండు, తామరపువ్వు ఇరవై పైసలు చాలా, మిగతావి మన రూపాయలు, పావలాలు. రాములవారి బొమ్మతో 1818 అని ఉన్న పెద్ద రాగి నాణెం కూడా ఒకటుంది. దానికి లక్షలొస్తాయని న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు ఏదో వీడియో పంపాడు, సగం నాణేలు అక్కడికి పంపమంటున్నాడు. మావారేమో వెండివన్నీ కంసాలికిచ్చి పట్టీలు చేయిద్దాం అంటారు. మా అబ్బాయికి పదమూడేళ్లు, వాడు ఒక్కటి కూడా ఇవ్వనంటున్నాడు. హైదరాబాద్‌లో నాణేల దుకాణాలుంటాయని విన్నాను కానీ, ఆడమనిషినని, ఏమీ తెలియదని మోసం చేస్తారేమోనని భయం. అలాంటి చోట్ల మంచి జరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నాలుగు నాణేలు చింతపండుతో తోమాను, తళతళా మెరుస్తున్నాయి. అందరూ తలో మాట అంటుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ చింతపండు గిన్నె అవతల పెట్టండి. తోమిన నాలుగూ ఎలాగూ తోమేశారు, వాటి గురించి బెంగపడి లాభం లేదు. మిగతావాటి జోలికి వెళ్లకండి. సబ్బు వద్దు, నిమ్మకాయ వద్దు, పళ్లపొడి అసలే వద్దు. ఇత్తడి బిందె ఎంత మెరిస్తే అంత ముద్దు. నాణెం అలా కాదు. దాని మీద ఏళ్లతరబడి పట్టిన నల్లటి, గోధుమరంగు పొర ఉంటుంది చూశారూ, సేకరించేవాళ్లకి అదే కావాలి. పులుపు ఆ పొరనీ తినేస్తుంది, కింద ఉన్న సన్నటి గీతల్నీ తినేస్తుంది. ఇది చెప్పింది నా సొంత తెలివి కాదు, ఒక దుకాణదారే. నేను బ్యాంకులో క్యాషియర్‌గా చేసేవాణ్ణి. కొత్తలో మా ఇంట్లో దొరికిన అర్ధణాలన్నీ మీలాగే తోమి, కొత్త పెళ్లికూతుళ్లలా తయారుచేసి కోఠీలో మెట్లెక్కి ఒక దుకాణానికి పట్టుకెళ్లాను. ఆయన ఒక్కటొక్కటే వేలికొసల మధ్య అంచు పట్టుకుని చూసి, "బాగా కష్టపడ్డట్టున్నారు" అన్నాడు. నవ్వలేదు. తన డ్రాయర్‌లోంచి తోమని అర్ధణా ఒకటి తీసి నా దాని పక్కన పెట్టి, భూతద్దం నా చేతికిచ్చి ఊరుకున్నాడు. రెండు నిమిషాల్లో నాకే అర్థమైంది. ఆ రోజు ఆయన కొన్నదీ లేదు, నేను కొన్నదీ లేదు. వచ్చేటప్పుడు చిన్న అట్ట హోల్డర్లు పది చేతిలో పెట్టి, "ప్లాస్టిక్ కవర్లలో వేయకండి, మెత్తటి ప్లాస్టిక్ చెమటపట్టి పచ్చగా జిగురు వదులుతుంది" అని చెప్పి పంపాడు.

మోసం చేసేవాళ్లు ఉన్నారా అంటే ఉన్నారు. నాకూ ఒకసారి తగిలింది. మా పెద్దమ్మ పోయాక ఆమె రూపాయలు అమ్మడానికి, పేరెందుకు గానీ ఒకచోటికి వెళ్లాను. అతను రాజు తల ఉన్నవన్నీ ఒకే కుప్పగా తక్కెట్లో వేసి, "ఈ రాజు రూపాయల్లో సగమే వెండి" అని లెక్కగట్టాడు. అతను చెప్పింది పూర్తి అబద్ధం కాదు, అదే దాని నేర్పు. అయిదో జార్జి దాకా, అంటే 1936 దాకా కొట్టిన రూపాయి 11.66 గ్రాములు, నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. ఆరో జార్జి రూపాయల్లో 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలోనే వెండి సగానికి తగ్గింది. యుద్ధం రోజులు, వెండి కరువు. బరువు మాత్రం మారలేదు. కాబట్టి రెండు రకాలూ కలిపి తూస్తే తేడా కనపడదు. నా కుప్పలో ఎక్కువ భాగం పాతవే. ఇంటికొచ్చాక గానీ తెలియలేదు. అందుకని మీ పద్నాలుగింటినీ ఇంట్లోనే సంవత్సరాల వారీగా విడదీసి పెట్టుకోండి. 1940వీ ఆ తర్వాతవీ ఒక పక్క, ముందువి ఒక పక్క. ఇంకో గుర్తు కూడా ఉంది. ఆ సగం వెండివాటి అంచు చూస్తే గీతల మధ్యలో సన్నటి గాడి చుట్టూ తిరిగి ఉంటుంది, దొంగ నాణేలు పోతపోసేవాళ్లకి అందకుండా పెట్టింది. 1911 అని ఉన్నది తగిలితే వేరుగా దాచండి. ఆ ఏడాది రూపాయి మీద రాజుగారి అంగీ మీదున్న ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనపడిందని గొడవైంది. ప్రభుత్వం చాలావాటిని వెనక్కి తెచ్చి కరిగించి, 1912లో తొండం సరిచేసింది. పంది రూపాయి అంటారు దాన్ని.

సరే, మీరడిగింది మంచి గురించి. ముప్పై ఏళ్ల పైగా ఈ దుకాణాల చుట్టూ తిరిగాను. మోసం ఒకటి చెప్పాను కాబట్టి న్యాయంగా మంచివి నాలుగైనా చెప్పాలి.

మీ దగ్గర చార్మినార్ రూపాయలున్నాయి కాబట్టి అదే ముందు. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన ఏడాది, అత్తగారి వైపు నుంచి వచ్చిన నాలుగు చార్మినార్ రూపాయలు అమ్ముదామని అదే కోఠీ మెట్ల దుకాణానికి వెళ్లాను. మన పెద్దవాళ్లు వాటిని హాలీ రూపాయలనేవారు, ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దారు అనేవారు. ఏడు హాలీలకి ఆరు కల్దారులు. హాలీ బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 82 పాళ్లకి కాస్త తక్కువ. ఆయన మూడింటిని తూచి ధర చెప్పాడు. నాలుగోదాన్ని చాలాసేపు దీపం కింద పెట్టి చూసి, నా వైపు వెనక్కి జరిపాడు. "ఇది ఇవాళ నాకు అమ్మకండి" అన్నాడు. ఏం, వెండి కాదా అన్నాను. "వెండే. చార్మినార్ మధ్య ద్వారంలో చిన్న అక్షరం ఉంది చూడండి. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అక్కడ మీమ్ అనే ఉర్దూ అక్షరం ఉంటుంది, తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో అయిన్. మీ దాంట్లో అయిన్ పూర్తిగా లేదు, సగమే ఉంది. ఆయన గద్దెనెక్కిన కొత్తలో కొట్టినవాటికే అలా ఉంటుంది. ఇంకో ఇద్దరిని అడగండి, నాకంటే ఎక్కువిస్తే వాళ్లకే ఇవ్వండి" అన్నాడు.

ఆ మాట అనకపోతే నాకు తెలిసే దారి లేదు. నాలుగూ వెండి రేటుకి తీసుకుని ఉండొచ్చు, నేను దండం పెట్టి వచ్చేవాణ్ణి. అందుకే దుకాణం మంచిదా కాదా అని ఎవరడిగినా నేను ధర అడగను. తనకి నష్టమొచ్చే మాట ఎప్పుడైనా చెప్పాడా అని అడుగుతాను. ఆ నాణెం ఇంకా అమ్మలేదు. ఫీజు మిగతా మూడింటితోనూ, చీటీ డబ్బుతోనూ కట్టాం.

మీ తొమ్మిదింటినీ మీ అబ్బాయిని భూతద్దంతో చూడమనండి. మీమ్ అంటే చిన్న గుండ్రటి తల, దానికి తోక. అయిన్ అంటే నోరు తెరిచిన కొక్కెంలా ఉంటుంది. అంకెలు ఉర్దూవి, ఏడాది హిజ్రీది. హిజ్రీ ఏడాదిని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్కకి దగ్గరగా వస్తుంది. 1343 అని ఉంటే 1924, 25 ప్రాంతం అన్నమాట. 92 అని కూడా ఒక అంకె కనపడుతుంది, దాన్ని చూసి ఏడాది అనుకోకండి. అక్షరాలకి విలువలు కట్టే లెక్కలో మహమ్మద్ అనే పేరుకొచ్చే సంఖ్య అది. పదమూడేళ్ల పిల్లాడికి ఇంతకంటే మంచి ఆదివారం ఉండదు.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. ఆ దుకాణంలోనే బల్ల చివర ఒక స్టీలు డబ్బా ఉండేది. ఏది తీసుకున్నా రెండు రూపాయలు. ఎక్కువగా విదేశీ చిల్లర, అరిగిపోయిన కాణీలు. బడి వదిలాక ఒక పిల్లాడు వచ్చి దాంట్లో చెయ్యి పెట్టి గంటసేపు కెలికేవాడు, కొనేది ఒక్కటి. నేనైతే విసుక్కునేవాణ్ణి. ఆయన ఒకరోజు వాణ్ణి పిలిచి పని పెట్టాడు. "ఒకే సంవత్సరం రూపాయి నాణేలు నాలుగు తీసుకురా, నాలుగూ నాలుగు టంకశాలలవి కావాలి." ఏడాది అంకె కింద చూడాలి. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, వజ్రం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నోయిడా టంకశాల 1988లో మొదలైంది కాబట్టి అంతకు ముందటి ఏళ్లలో వెతికితే దొరకదు. ఈ మాట మాత్రం ఆయన వాడికి చెప్పలేదు, వాడే కనుక్కోవాలని. మూడు వారాలు పట్టింది. వాడు కిరాణాకొట్లో, ఆటోవాళ్ల దగ్గర, గుడి ముందు చిల్లర మార్చేవాళ్ల దగ్గర వెతికి నాలుగూ తెచ్చి బల్ల మీద వరసగా పేర్చాడు. ఆయన పద్ధతిగా లేచి నిలబడి వాడికి చెయ్యి ఇచ్చాడు. బహుమతిగా తామరపువ్వు ఇరవై పైసలు ఇచ్చాడు.

మీ డబ్బాలో ఆ ఇరవై పైసలు చాలా ఉన్నాయన్నారు. 1968 నుంచి 1971 దాకా వచ్చాయవి. రాగి కలిసిన మిశ్రమ లోహం. పచ్చగా మెరుస్తుంటే బంగారం కలిసిందని చెప్పుకునేవారు మన ఊళ్లలో. ఏమీ కలవలేదు. ఇప్పటికీ నూట ఎనిమిది పోగుచేసి లక్ష్మీపూజకి వాడేవాళ్లున్నారు, అందువల్ల దుకాణాల్లో వాటికి గిరాకీ ఉంటుంది కూడా. మీ నాన్నగారు ఎందుకు దాచారో మీకే తెలియాలి.

కండక్టర్ డబ్బా అంటే నాకు ఒక ఆశ ఉంది సుమండీ. చిల్లర లేక టికెట్ వెనక బాకీ రాసిచ్చే ఉద్యోగంలో ఉన్న మనిషి, చిల్లరని పక్కకి తీసి దాచాడంటే ఊరికే దాచడు. రోజుకి వందల నాణేలు చేతిలో మారేవి. ఏదో తేడా కంటపడితేనే తీసి ఉంటారు. ఆ రూపాయల్లో 1985వి ఉంటే ఏడాది కింద ఇంగ్లీషు హెచ్ అక్షరం ఉందేమో చూడండి. అప్పట్లో మన టంకశాలలకి పని ఎక్కువై కొన్ని రూపాయలు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలలో కొట్టించారు. దానికి పెద్ద ధర పలకదు. కానీ ఖమ్మం బస్సులో బర్మింగ్‌హామ్ నాణెం పట్టుకున్న కళ్లవి.

పులి రూపాయల విషయంలో నాకు జరిగిన మర్యాద చెబుతాను. అది 1947 రూపాయి, బరువుగా తెల్లగా ఉంటుంది. వెండి అని నమ్మి నేను ఒక పెళ్లిలో తెలిసినాయన దగ్గర కొన్నాను. దుకాణంలో గొప్పగా తీశాను. దుకాణదారు ఏమీ అనకుండా డ్రాయర్‌లోంచి అయస్కాంతం తీసి బల్ల మీద పెట్టి, "అటు తిరిగి కాస్త ఆ ఫ్యాన్ వేస్తారా" అన్నాడు. నేను ఇటు తిరిగేసరికి రూపాయి అయస్కాంతానికి అతుక్కుని ఉంది. దుకాణంలో ఇంకో ఇద్దరున్నారు, వాళ్ల ముందు నా పరువు పోకూడదని అలా చేశాడని తర్వాత అర్థమైంది. 1947 రూపాయి అచ్చంగా నికెల్. వెండి అస్సలు లేదు. అతుక్కుంటే నకిలీ అనుకోకండి, అతుక్కోవాలి. మీవారితో చెప్పండి, ఈ రెండింటితో పట్టీలు అవ్వవు.

ఇక రాములవారి నాణెం. ఇది రాయడానికి కొంచెం కష్టంగానే ఉంది, మీ తమ్ముడు ఆశపడ్డాడు కాబట్టి. ఒక మధ్యాహ్నం నేను అక్కడుండగా నల్గొండ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. పంచె కట్టు, చేతిలో గుడ్డ మూట. మూటలో మూట, దాంట్లో ఇంకో మూట. అందులో 1818, ఈస్టిండియా కంపెనీ, ఒకవైపు సీతారామలక్ష్మణులు, కాళ్ల దగ్గర హనుమంతుడు. బియ్యపు గింజల్ని లాక్కుంటుందని చెప్పి ఎవరో ఆయనకి అంటగట్టారు. రైస్ పుల్లింగ్ పేరుతో మన రెండు రాష్ట్రాల్లోనూ ఎందరు మునిగారో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. పొలం కుదువపెట్టి కొన్నాడట. దుకాణదారు మొహం చూస్తే తెలిసిపోతోంది. మెల్లగా బల్ల కింద నుంచి ఒక గిన్నె తీశాడు. దాన్నిండా అవే. 1818వి, 1717వి, 1616వి. "ఇవన్నీ ఇలాగే వచ్చిన పెద్దమనుషులు వదిలేసి వెళ్లినవి" అన్నాడు. కంపెనీ ఎన్నడూ దేవుళ్ల బొమ్మలతో అలాంటి అణాలు కొట్టలేదని, కంపెనీ అసలు అర్ధణా మీద వాళ్ల రాజముద్ర ఉంటుందని, దేశమంతటికీ ఒకే రకం నాణేలు 1835లో గానీ మొదలవలేదని, నిజమైనది ఒకటి పక్కన పెట్టి మరీ చూపించాడు. ఆయనకి మంచినీళ్లిచ్చాడు, టీ తెప్పించాడు, పోలీసు ఫిర్యాదు ఎలా రాయాలో ఒక కాగితం మీద రాసిచ్చాడు. "దేవుడి బొమ్మ కదా, పూజలో పెట్టుకోండి, ఇంకొకరికి మాత్రం అమ్మకండి" అన్నాడు చివర్లో. ఆ గంటలో దుకాణానికి ఒక్క పైసా రాలేదు.

మీ దాన్నీ పూజగదిలో పెట్టుకోండి. మీ నాన్నగారు మోసపోయారని అనుకోకండి. టికెట్టు డబ్బుల్లో వచ్చి ఉంటుంది, బొమ్మ బాగుందని ఉంచుకుని ఉంటారు. తమ్ముడికి ఇంకో సంగతి కూడా చెప్పండి. పాత నాణేలు కొంటాం, ముందు కమీషన్ కట్టండి అంటూ రిజర్వు బ్యాంకు పేరు వాడేవాళ్లు పెరిగిపోయారని, తాము అలాంటి వ్యాపారం చెయ్యమని, ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. వీడియోలో ఉన్న నంబరుకి ఫోన్ చేసే పని పెట్టుకోవద్దు. నాణెం అమ్మేవాడి దగ్గరే ఎదురు డబ్బు అడిగే కొనుగోలుదారు నిజమైనవాడు కాదు.

అమెరికాకి పంపే సంగతి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు కింద లెక్క, దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. మీ హాలీల్లో, రాజు రూపాయల్లో కొన్ని ఆ కోవలోకి రావచ్చు. కొరియర్ డబ్బాలో స్వీట్ల మధ్య పెట్టి పంపే ఆలోచన మానేయండి. మీ తమ్ముడికి నాణేల మీద నిజంగా మనసుంటే వాళ్ల ఊళ్లోనే దుకాణం ఉంటుంది, వెళ్లమనండి. అక్కడి దుకాణాలూ ఇలాంటివే. డాలస్ దగ్గర ఉండే మా తమ్ముడి మనవడు, పదకొండేళ్లవాడు, వాళ్ల నాయనమ్మ ఇచ్చిన చిల్లికాణీ మెడలో తాడుకి కట్టుకు తిరుగుతాడు. ఒక శనివారం వాళ్ల నాన్న వాణ్ణి అక్కడి నాణేల దుకాణానికి తీసుకెళ్లాడు. ముసలాయన కొట్టు. వీడి మెడలోది చూసి, "ఏ ఏడాదిది?" అని అడిగాడట. 1943. ఆయన లోపలికి వెళ్లి ఒక సెంటు నాణెం తెచ్చి వీడి అరచేతిలో పెట్టాడు. బూడిదరంగులో ఉంది. అదీ 1943దే. ఆ ఏడాది యుద్ధానికి రాగి కావాల్సొచ్చి అమెరికావాళ్లు సెంటుని ఉక్కుతో చేసి జింకు పూత పూశారు. ఇక్కడ మనవాళ్లు అదే రాగి ఆదా చేయడానికి కాణీకి నడుమ చిల్లు పెట్టారు. "రెండూ ఒకే కరువుకి పుట్టిన పిల్లలు" అని ముసలాయన అన్న మాట వాడు ఫోన్‌లో నాకు తన తెలుగులో తిప్పితిప్పి చెప్పాడు. డబ్బులు తీసుకోలేదట. ఇప్పుడు తాడుకి ఒకటే ఉంది, రెండోది వాడు అట్టలో పెట్టుకున్నాడు. మన చిల్లికాణీ అక్కడొక పిల్లాడికి చరిత్ర పాఠం అయింది, నాకు అదో తృప్తి.

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకి వెళ్తాను, మీకు నేరుగా పనికిరాకపోయినా మంచి దుకాణాన్ని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. కరీంనగర్ వైపు కోటిలింగాల, పెద్దబంకూరు లాంటి చోట్ల శాతవాహనుల సీసం నాణేలు బయటపడ్డాయి కదా. ఒక కుర్రాడు మట్టి అంటిన సీసం బిళ్లలు గుప్పెడు తెచ్చాడు, పొలంలో దొరికాయన్నాడు. మంచి సరుకే. మా దుకాణదారు వాటిని ముట్టుకోలేదు. భూమిలో దొరికినవి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉందని, తహసీల్దారు ఆఫీసుకి వెళ్లి ఇమ్మని పంపేశాడు. పక్కనే ఉన్న నాకు నోరూరింది, అబద్ధమెందుకు. మట్టి నాణేలు నవ్వుతూ తీసుకునే కొట్టుకి రెండోసారి వెళ్లకండి.

ఇప్పుడు మీరు ఎలా వెళ్లాలో. ఖమ్మం నుంచి ఎలాగూ ఒకరోజు పని. ఆదివారం మాత్రం వద్దు. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు చూడ్డానికి బాగుంటుంది గానీ, డబ్బాతో తిరగడానికి కాదు. మామూలు రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళ్లండి, అప్పుడు బేరాలు తక్కువుంటాయి, మాట్లాడే తీరిక ఉంటుంది. నేను చెప్పిన మంచి అంతా అలాంటి తీరిక మధ్యాహ్నాల్లోనే జరిగింది. సాయంత్రం ఏడింటికి, షట్టర్ సగం దించాక వెళ్లి ఉంటే ఇందులో సగం జరిగేది కాదు.

డబ్బా మొత్తం తీసుకెళ్లొద్దు. రకానికి ఒకటి రెండు చొప్పున పది పదిహేను చాలు. మిగతావి ఫోన్‌లో రెండువైపులా ఫోటో తీసుకోండి, ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. మొదటిసారి అమ్మకానికి వెళ్లకండి. లోపలికి వెళ్లగానే "ఎంతిస్తారు" అనకండి. "ఇవి మా నాన్నగారివి, ఇవేమిటో తెలుసుకుందామని వచ్చాం" అనండి. మాటలు మీ అబ్బాయిని మాట్లాడనివ్వండి. సేకరించేవాళ్లు ఎక్కువమంది మగవాళ్లే కావడం వల్ల ఆడవాళ్లు వెళితే కొన్ని కొట్లలో పక్కనున్న మగవాడితో మాట్లాడతారు. మీతో కాకుండా మీవారితో మాట్లాడడం మొదలుపెడితే అది కూడా ఆ కొట్టు గురించి ఒక సమాచారమే. ఏదైనా చిన్నది కొనండి, ఇరవై ముప్పై రూపాయలదైనా సరే, కనీసం అట్ట హోల్డర్లయినా. ఊరికే గంటసేపు ఆయన చదువంతా వాడుకుని రావడం మనకీ బాగుండదు. నాణేలు మీ కళ్ల ముందు నుంచి లోపలి గదిలోకి వెళ్లకూడదు. "వదిలేసి వెళ్లండి, రేపు చూసి చెబుతా" అంటే నాణేల లెక్క రాసి సంతకం పెట్టిన కాగితం అడగండి, ఇవ్వనంటే నవ్వుతూ మూట కట్టుకోండి.

తర్వాత ఎప్పుడో అమ్మాలనుకుంటే ఇద్దరి దగ్గర ధర అడగండి, మొదటాయన దగ్గర ఆ విషయం దాచకండి. దుకాణంవాళ్లు అమ్మే ధరకి మన దగ్గర కొనరు, ఇది మోసం కాదు. అద్దె కట్టాలి, సరుకు ఏళ్లతరబడి గాజుపెట్టెలో పడుండాలి. వెండి రేటు ఆ రోజు ఎంతో ఫోన్‌లో చూసుకుని వెళ్లండి. హాలీ రూపాయిలో తొమ్మిది గ్రాముల పైచిలుకు వెండి, పాత రాజు రూపాయిలో పది గ్రాములు దాటి, 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో ఆరు గ్రాముల కంటే కొంచెం తక్కువ. ఏ నాణేనికీ ఈ వెండి విలువ కంటే తక్కువకి ఒప్పుకోకండి. కంసాలి సంగతీ ఇందులోనే తేలిపోతుంది. ఆయన ఇచ్చేది ఎప్పుడూ వెండి ధరే, అదీ తరుగు పోను. సగం అయిన్‌కీ పంది రూపాయికీ ఆయన దగ్గర లెక్క లేదు. పట్టీలు కావాలంటే బజార్లో కొనుక్కోవచ్చు, మీవారిని కోప్పడకుండా చెప్పండి. నలభయ్యో దశకం రూపాయలు బాగా అరిగినవి ఉంటే, ఆయన మాట పోకుండా వాటిలో రెండు ఇచ్చినా ఫరవాలేదనుకోండి.

పావలాలూ అంతకంటే చిన్నవీ 2011 జూన్ 30 నుంచి చెల్లవు, బ్యాంకులో మార్చే ప్రయత్నం చేయకండి. మీ అబ్బాయి చేతిలో అవి ఎక్కువ పనికొస్తాయి.

హైదరాబాద్ వెళ్లిన రోజే సైఫాబాద్ పాత టంకశాల కూడా చూపించండి, ఇప్పుడది మ్యూజియం. మీ హాలీ రూపాయలు పుట్టిన చోటది. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో నాణేల గది కూడా ఉంది, టైముంటే.

ఆఖరుగా ఆ బస్సు టికెట్లు. మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ నా కళ్లు అక్కడే ఆగాయి. విప్పినవాటిని పారేయకండి. ఏ టికెట్ ఏ నాణేనికి చుట్టి ఉందో గుర్తుంటే మళ్లీ దానికే చుట్టండి, గుర్తు లేకపోతే ఒక కవర్లో విడిగా ఉంచండి. ఇంకా విప్పనివి ఉంటే ఒక్కొక్కటీ విప్పే ముందు ఫోటో తీయమనండి మీ అబ్బాయిని. ఎంత చార్జీ అనేది టికెట్ మీదే ఉంటుంది కదా, రూటు కూడా తెలియొచ్చు. ఆ నాణెం ఏ బస్సులో మీ నాన్నగారి చేతికొచ్చిందో చెప్పే కాగితం అది ఒక్కటే. దుకాణంలో ఆ చుట్టలు రెండు మూడు బల్ల మీద పెట్టి చూడండి, ఆయన ముందు నాణెం అందుకుంటాడో టికెట్ అందుకుంటాడో. ఏం జరిగిందో నాకు ఉత్తరం రాయండి.